బస్వమ్మ ఊడ్పు గింజలు

జహీరాబాద్ గింజల గంజ్‌లో పావురాలంటే గిట్టని మనిషి ఎవరని అడిగితే హమాలీ దగ్గర్నుంచి గుమస్తా దాకా అందరూ బస్వమ్మ పేరే చెబుతారు. ఆమెకు పిల్లి మీద కోపం లేదు, ఎలుక మీద లేదు, కందుల్లో పడే పురుగు మీద కూడా లేదు. పురుగు కనీసం తన పని తాను చేసుకుంటుందని ఆమె లెక్క. పావురం మాత్రం ఏ పనీ రాని పక్షి. గూడైనా సరిగ్గా కట్టుకోలేదు. షెడ్డు దూలం మీద నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, ఇల్లు అయిపోయిందని వాటి మీద గుడ్డు పెడుతుంది. గాలి వీస్తే గుడ్డు కింద. దానికి బాధా లేదు, బుద్ధీ లేదు, మళ్ళీ అక్కడే ఇంకో రెండు పుల్లలు. ఇక మగపావురం సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దంతా గొంతు ఉబ్బించుకుని ఆడదాని చుట్టూ గిరగిర తిరగడం, తినడం, తిన్నచోటే రెట్ట వేయడం. "నా మొగడు గిదే చేసేటోడు, గూ గూ అననీకె రాకపోతుండె, గంతే తేడా" అనేది బస్వమ్మ. ఆ మొగడు పోయి పదకొండేళ్ళయింది.

బస్వమ్మది న్యాల్‌కల్ వైపు ఊరు. అటు నాలుగు అడుగులేస్తే కన్నడం, ఇటు నాలుగు అడుగులేస్తే తెలుగు. రెండు భాషల్లోనూ తిట్టడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన సొత్తు. పెళ్ళయి జహీరాబాద్ వచ్చాక అత్త ఆమె చేతిలో ఒక చీపురు, ఒక చాట, ఒక జల్లెడ పెట్టి, గంజ్‌లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మల్లప్ప సేటు అడ్తి దుకాణం ముందు నిలబెట్టింది. ఆ దుకాణం ముందున్న జాగా ఇక నీదే అంది. పట్టా లేదు, పాస్‌బుక్ లేదు, కానీ గంజ్‌లో అందరికీ తెలిసిన హక్కు అది.

ఆ హక్కు ఏమిటో చెప్పాలి. రైతులు బస్తాలు తెచ్చి దుకాణం ముందు రాసి పోస్తారు. కాంటా పెట్టి మళ్ళీ బస్తాలకెత్తుతారు. ఎంత జాగ్రత్తగా ఎత్తినా దోసిళ్ళకొద్దీ గింజలు మట్టిలో పడతాయి. కాంటా అయిపోయాక ఊడ్పుడు మనిషి నేలంతా ఊడ్చి, దుమ్ము చెరిగి, రాళ్ళు ఏరి, ఆ గింజలు ఇంటికి తీసుకుపోతుంది. ఊడ్చినందుకు జీతం ఉండదు. ఆ గింజలే జీతం. మల్లప్ప సేటు బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట మీద ఉన్నాడు. కింద పడ్డది వంగినోళ్ళది అనేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మూడు రోజులు వరసగా రాకపోతే ఆ జాగా వేరొకరిది. అందుకే బస్వమ్మ జ్వరం వచ్చినా వచ్చేది, మొగుడు చచ్చిన మూడో రోజున కూడా వచ్చింది.

వంగీ వంగీ ఆమె నడుము కొడవలిలా అయింది గానీ, గింజ తెలివి మాత్రం గంజ్‌లో ఏ దలాలుకూ అంత లేదు. ఒక జొన్న గింజ పంటికింద వేసుకుని, ఇది ఝరాసంగం నల్లరేగడిది, ఇది కోహీర్ ఎర్రనేలది అని చెప్పేది. చెబితే సేట్లు నవ్వేవాళ్ళు. నవ్వి, ఆమె అటు తిరగగానే అదే గింజ తామూ నోట్లో వేసుకుని చూసేవాళ్ళు.

మల్లప్ప పోయాక దుకాణం కొడుకు శంకరప్ప చేతికొచ్చింది. శంకరప్ప ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. అలాంటి మనిషికి మోకాలి నొప్పి పట్టుకుంది. దవాఖానకు పోతే డాక్టరు బరువు తగ్గమన్నాడు. అది నచ్చలేదు. బీదర్ దాటి ఎక్కడో ఉన్న జ్యోతిష్కుడి దగ్గరికి పోతే, తండ్రి పేర పక్షులకు దాణా వేయమన్నాడు. ఇది నచ్చింది. బరువు తగ్గడం కన్నా పుణ్యం పెంచుకోవడం సులువు మరి.

దుకాణానికి ఎదురుగా, షెడ్డు చివర, టైల్స్ వేసిన అరుగొకటి లేచింది. దాని మీద తండ్రి పేరు ఒక వేలెడంత, కట్టించినవాడి పేరు రెండు వేళ్ళంత చెక్కించారు. కొబ్బరికాయ కొట్టిన రోజున శంకరప్ప కొడుకు పృథ్వీరాజ్ ఫోన్ పట్టుకుని చుట్టూ తిరిగాడు. శంకరప్ప గుప్పెడు జొన్నలు చల్లడం, పావురాలు వాలడం, శంకరప్ప ఆకాశం వైపు చూడటం, ఇవన్నీ సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఫోన్‌లోకీ చేరాయి. పావురాలు సరిగ్గా వాలలేదని ఆ గుప్పెడు గింజల్ని నాలుగుసార్లు ఎత్తి నాలుగుసార్లు చల్లించిన సంగతి మాత్రం బస్వమ్మకే తెలుసు. ఎత్తింది ఆమే.

అప్పటిదాకా గంజ్‌లో నలభయ్యో యాభయ్యో పావురాలు ఉండేవి. మూడు నెలల్లో ఊళ్ళో ఉన్న పావురాలన్నీ ఇక్కడికే కాపురం మార్చాయి. రైల్వే స్టేషన్ పావురాలు, మూతపడ్డ సినిమా హాలు పావురాలు, పాత పత్తి మిల్లు పావురాలు, అన్నీ షెడ్డు దూలాల మీద వరసగా కూర్చుని కింద రైతులు పోసిన రాసుల మీద రెట్టలు వేసేవి. చెత్త ఉందని శంకరప్ప ఆ రైతులకే తూకంలో తరుగు కోసేవాడు. పావురాలు మీవి, రెట్ట మీది, తరుగు మాకా అని ఝరాసంగం రైతొకాయన నిలదీస్తే, పక్కనున్న సేట్లంతా మూగజీవాల మీద కోపం పనికిరాదని ఆయనకే బుద్ధి చెప్పారు. రాత్రంతా పడిన రెట్టని పొద్దున్నే గీకి ఎత్తేది ఎవరని మాత్రం ఏ సేటూ అడగలేదు.

గంజ్‌లో బస్వమ్మ తిట్టని పావురం ఒక్కటే ఉండేది. అది ఆ దుకాణం హమాలీ చెన్నబసప్పది. చెన్నబసప్ప తన రేకుల ఇంటి మీద చెక్కపెట్టెల్లో ఎనిమిదో తొమ్మిదో పావురాల్ని సాకుతాడు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. వాటిలో ఒక తెల్లది, కాళ్ళకు కూడా ఈకలున్నది, పొద్దున ఆయన వెనకే ఎగిరొచ్చి గంజ్‌లో వాలేది. ఆయన బస్తా మోస్తే అది లారీ మీద కూర్చునేది, ఆయన బీడీ కాలిస్తే భుజం మీద కూర్చునేది. నీ చిన్న పెండ్లాం వచ్చింది చూడు అని బస్వమ్మ ఏడిపించేది. ఏడిపిస్తూనే, ఎవరూ చూడకుండా, చాటలోంచి నాలుగు మంచి గింజలు దాని ముందు వేసేది. ఆయన చూశాడని తెలిస్తే, మట్టిగింజలు పారేస్తున్నా అనేది. గంజ్‌లో ఆమెను అక్కా అని పిలిచేవాడు కూడా చెన్నబసప్ప ఒక్కడే.

కందుల సీజన్ అయిపోయేసరికి శంకరప్పకు పుణ్యం ఖర్చు కనబడసాగింది. రోజుకో కుంచెడు గింజలు. మోకాలి నొప్పి తగ్గింది లేదు గానీ, ఊళ్ళో పేరొచ్చింది, ఇప్పుడు మానేస్తే పరువు పోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసే ఉపాయం అప్పుడు తట్టింది ఆయనకు. ఒకరోజు కాంటా అయ్యాక, నలుగురు సేట్లు కూర్చుని ఉండగా, గింజలు చెరుగుతున్న బస్వమ్మను పిలిచాడు.

"బస్వమ్మా, రేపట్నుంచి ఊడ్చిన గింజలు ఇంటికి కాదు, ఆ అరుగు మీద పొయ్యి. మూగజీవాల నోటికాడిది నువ్వు మోసుకపోతుంటే నాకు పాపం తగుల్తది."

"నా కడుపు ఎట్ల నిండాలె సేటూ?"

"నీకు గూడ పుణ్యంల భాగముంటది గద."

"పుణ్యం పిసికితే రొట్టె అయితదా?" అని అడిగింది బస్వమ్మ.

సేట్లు పడీపడీ నవ్వారు. నోరు మాత్రం ఇంకా ముసలిది కాలేదన్నారు. ఆమె అడిగింది నవ్వించడానికి కాదని ఒక్కడికీ తోచలేదు. మీ నాయిన మాట అని ఆమె ఇంకేదో అనబోయింది. నాయిన పేరు మీదే గదా అరుగు అన్నాడు శంకరప్ప, అక్కడితో ఆ మాట ముగిసింది.

మానేసి పోదామనుకుంది. కానీ మూడు రోజులు రాకపోతే జాగా పోతుంది, ఇవాళ కాకపోతే రేపైనా సేటుకు బుద్ధి రాకపోతుందా అన్న ఆశ ఇంకా ఉంది. కాబట్టి రోజూ వచ్చి, ఊడ్చి, చెరిగి, రాళ్ళు కూడా ఏరి, శుభ్రమైన గింజల్ని తీసుకెళ్ళి ఆ పనికిమాలిన పక్షుల ముందు పోసేది. నలభై ఏళ్ళుగా జొన్నరొట్టె తిన్న మనిషి రేషన్ బియ్యంతో గడిపింది. అన్నం తింటే పొద్దున తొమ్మిదింటికే కడుపు ఖాళీ అయ్యేది. ఆ కడుపుమంటంతా నోట్లోంచి వచ్చేది. మీరంతా ఒక్కపాలే సచ్చి పడితే గంజ్‌కు పీడ పోతదని అరుగు ముందు నిలబడి, అందరూ వినేలా, రెండు భాషల్లో తిట్టేది. అందరూ విన్నారు, అందరూ నవ్వారు, ఎవరూ మరిచిపోలేదు.

ఎండలు ముదిరాక గంజ్‌కు సరుకు రావడం తగ్గింది. సరుకు లేకపోతే ఊడ్పూ లేదు. అరుగు రెండు రోజులు ఖాళీగా ఉండేసరికి పృథ్వీరాజ్ ఫోన్‌లో ఎవరో అడిగారట, పావురాలు పస్తులుంటున్నాయా అని. శంకరప్పకు గోదాములో రెండు బస్తాలు గుర్తొచ్చాయి. నిరుటి ముందేటి విత్తన జొన్నలు. తేదీ దాటిపోయినవి, అమ్మడానికి లేదు, వెనక్కి తీసుకునేవాళ్ళు లేరు. పురుగు పట్టకుండా ఎర్రమందు పూసిన గింజలు అవి. రైతుబిడ్డ ఎవడైనా వాటిని ముట్టుకుంటే చేతులు కడుక్కుంటాడు. శంకరప్ప గింజల్నే కడిగించాడు. నల్లా కింద, కొడుకు చేత, రంగు పోయేదాకా.

ఆ సాయంత్రం బస్వమ్మ మోరీలో ఎర్రనీళ్ళు పారడం చూసి గోదాము దగ్గరికి పోయింది. తడిగింజలు పరదా మీద ఆరబోసి ఉన్నాయి. ఒకటి తీసి వాసన చూసింది. నిజానికి చూడనక్కర్లేదు కూడా.

"సేటూ, గిది మందు గింజ. కడిగితే పైరంగు పోతది, లోపలి మందు పోదు. పక్షులు సస్తయ్."

శంకరప్ప ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "పావురాల మీద నీకు అంత ప్రేమ ఎప్పట్నుంచి? ఈ బస్తాల మీద గూడ నీ కన్ను పడ్డదన్నట్టు. వద్దంటే ఇంటికి మోసుకపోదామని," అన్నాడు.

ఆ రోజు చెన్నబసప్ప లారీ వెంట కోహీర్ పోయాడు, అక్కడ లేడు. ఉన్న ఇద్దరు గుమస్తాలు కిసుక్కుమన్నారు. బస్వమ్మ జీవితంలో ఎన్నో మాటలు పడింది గానీ దొంగ అన్న మాట పడలేదు. నలభై ఏళ్ళలో రాసిలోంచి ఒక్క గింజ తీయలేదు, కింద పడ్డదే ఎత్తింది. చేతిలో గింజ అక్కడే పారేసి ఇంటికి పోయింది.

మర్నాడు తెల్లవారుతూనే ఎప్పటిలా గంజ్‌కు అందరికన్నా ముందొచ్చింది. అరుగు మీద ఆ మందు గింజలు రాత్రే పోసి ఉన్నాయి. పావురాలు ఇంకా దూలాల మీదే ఉన్నాయి, కిందికి దిగలేదు. షెడ్డులో ఎవరూ లేరు. చీపురు చేతిలో ఉంది, గంప చంకలో ఉంది. పది దెబ్బలు వేస్తే అరుగు ఖాళీ అయ్యేది. బస్వమ్మ అక్కడే కాసేపు నిలబడింది. గంపలో గింజలు చూస్తే దొంగ అంటారు, ఆ భయం నిజమే. కానీ భయం కన్నా పెద్దది ఇంకొకటి ఉంది ఆమె కడుపులో. తిననీ. సేటు పుణ్యం సేటుకు తగలనీ. నాకేంది అనుకుంది. వెనక్కి తిరిగి గేటు బయట చాయ్ బండి దగ్గర కూర్చుని, సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, ఏనాడూ లేనంత నిమ్మళంగా చాయ్ తాగింది.

తొమ్మిది దాటాక మొదటిది దూలం మీంచి పడింది. తర్వాత వరసగా. రెక్కలు వణికించుకుంటూ, మెడలు వెనక్కి తిప్పుకుంటూ, రాసుల మీద, కాంటా మీద, సేట్ల గద్దెల ముందు పడ్డాయి. పదకొండయ్యేసరికి నూటికి పైగా చచ్చాయి. చెన్నబసప్ప లారీ కింద దూరి, తన తెల్లదాన్ని రెండు చేతులతో బయటికి తీశాడు. కాళ్ళ ఈకలు ఇంకా కదులుతున్నాయి. ఆయన చూస్తుండగానే అవీ ఆగిపోయాయి.

గంజంతా అక్కడ చేరింది. ఎవరు చేశారన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు అందరి దగ్గరా ముందే ఉంది. సచ్చి పడాలని రోజూ తిట్టింది ఎవరు? పొద్దున్నే అందరికన్నా ముందొచ్చేది ఎవరు? పృథ్వీరాజ్ ఫోన్ ఎత్తి ఆమె మొహం మీద పెట్టాడు. శంకరప్ప గొంతు పెద్దది చేసి, ఇకనుంచి బస్వమ్మ ఈ గంజ్‌లో కాలు పెట్టకూడదన్నాడు. ఏ దుకాణం ముందూ ఊడ్వకూడదన్నాడు. మిగతా సేట్లు తలలు ఊపారు.

బస్వమ్మ ఏడవలేదు, మొక్కలేదు. వంగి, కాళ్ళ దగ్గర పడున్న పావురాన్ని ఎత్తింది. దాని గొంతు కింద మేత సంచి రాయిలా బిగిసి ఉంది. గోరుతో అక్కడ ఈకలు పీకి, చర్మం చీల్చింది. శివశివా అంటూ శంకరప్ప మొహం తిప్పుకున్నాడు.

"ఇటు సూడున్రి సేటూ. మీరు పెట్టిందే, మీరు సూడకుంటె ఎట్ల?"

అరచేతిలో జొన్నలు. రాత్రి ఆరి తెల్లబడ్డ గింజలే, కడుపులో తడికి మళ్ళీ రంగు దిగి, చెయ్యంతా ఎర్రబడింది. ఆ చెయ్యి అలాగే చాపుకుని గోదాము దాకా నడిచింది. గుంపు వెనకే నడిచింది. నల్లా కింద సిమెంటు ఎర్రగా మరకలు కట్టి ఉంది. పక్కన ఖాళీ సంచి, దాని మీద దాటిపోయిన తేదీ, తినకూడదన్న గుర్తు. పృథ్వీరాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు చూడాలి గంజ్ పెద్దమనుషుల్ని. ఒకరికి ఫోన్ వచ్చింది, ఇంకొకరికి రైతు పిలిచినట్లు వినబడింది. జరిగిందేదో జరిగింది, శాంతి చేయిస్తే సరిపోతుందని ఒకాయన తేల్చాడు. శంకరప్ప గొంతు సవరించుకుని, పాత పద్ధతే మంచిదనీ, ఇకనుంచి ఊడ్చిన గింజలు బస్వమ్మవేననీ, ఇవాళ్టివి కూడా తీసుకుపొమ్మనీ అన్నాడు. ఎంతైనా మల్లప్ప కొడుకు, పెద్దమనసు అని పక్కవాళ్ళు మెచ్చుకున్నారు. దొంగ అన్న మాటను గానీ, మందు పెట్టిందన్న మాటను గానీ వెనక్కి తీసుకోవాలని ఎవరికీ గుర్తు రాలేదు.

గెలిచింది కాబట్టి బస్వమ్మ ఊడ్చింది. ఆ రోజు చాలా రోజుల తర్వాత న్యాల్‌కల్ నుంచి ఇద్దరు రైతుల జొన్నలు వచ్చాయి. గంపెడు ఊడ్పు తేలింది. చాటలో పోసి చెరుగుతూ ఆగిపోయింది. పావురాలు తొక్కులాడి అరుగు మీది గింజల్ని షెడ్డంతా చిమ్మాయి. కడిగిన గింజ ఏదో, రైతు గింజ ఏదో తెలియడం లేదు. పంటితో ఊరి పేరు చెప్పగలిగే మనిషికి కంటితో విషం కనిపించలేదు. గంప ఎత్తుకుని షెడ్డు వెనక్కి పోయింది.

అక్కడ ప్రహరీ పక్కన చెన్నబసప్ప గుంత తవ్వుతున్నాడు. చచ్చినవాటిని గోనెల్లో తెచ్చి పోశాడు. తెల్లదాన్ని మాత్రం విడిగా, తువ్వాల్లో పెట్టి పక్కన ఉంచాడు. బస్వమ్మ గంపెడు గింజల్నీ గుంతలో కుమ్మరించింది. ఆయన పార ఆపి ఆమె వైపు చూశాడు. గుమస్తా చెప్పాడని, నిన్న సాయంత్రమే నువ్వు సేటుకు వద్దన్నావట కదా అని అడిగాడు. అన్నానంది.

"మరి పొద్దుగాల నువ్వే గదక్కా అందరికన్న ముందొచ్చేది. అరుగు మీద గింజలు నీకు కనవడలేదా?"

కనబడలేదంటే నమ్మేవాడు. ఆ ఒక్క మనిషి ఆమె ఏం చెప్పినా నమ్మేవాడు. బస్వమ్మకు ఆ సంగతి తెలుసు. ఎర్రగా ఉన్న అరచెయ్యిని చీరకు తుడుచుకుంది. రంగు పోలేదు.

"కనవడ్డయ్," అంది. "చీపురు చేతులనే ఉండె. తిననీ, నాకేందని పోయి చాయ్ తాగుత కూసున్న. నీ తెల్లది గూడ వస్తదని యాదికి రాలె. యాదికొచ్చినా ఊడుస్తుంటినో లేదో. గంజ్‌ల అందర్నీ సేట్లు సేట్లు అని తిడ్త గని, గా పొద్దు నేను గూడ సేటునే అయిన తమ్మీ."

చెన్నబసప్ప గుంత దగ్గర వంగాడు. తువ్వాలు విప్పి, తెల్లదాన్ని గింజల మీద పడుకోబెట్టాడు. బస్వమ్మ మట్టి తోయడానికి పార కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. తానొక్కడే పూడ్చాడు.